గిన్నె నిండా కంపెనీ లా

లా కాలేజీలో రెండు పేపర్లు ఎంచుకోవడం కోసం నేను ఏకంగా దేవుణ్ణే మోసం చేయబోయాను. మోసం సంగతి సరే, దాన్నెంత దరిద్రంగా చేశానో వినండి.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. కంపెనీ లాయర్ని కావాలని నాకు పిచ్చి. నాన్న పోర్టులో క్రేన్ డ్రైవరు. నేను కాలేజీలో చేరిన రోజు నుంచీ ఆయనది ఒకటే పాట: "నువ్వు లేబర్ లా సదవాలి. మా పోర్టోళ్ల తరపున నిలబడాలి." ఆయన ముందు 'కంపెనీ' అనడానికి నాకు నోరు పెగల్లేదు.

పేపర్ల ఫారం ఇవ్వాల్సిన రోజుకి ముందురోజు మా అత్త వచ్చింది. ఏ రెండు తీసుకోవాలో ఇంకా తేలలేదన్నాను. పెళ్లిసంబంధమైనా, అద్దె ఇల్లయినా, తేలకపోతే మా ఇంట్లో చీటీలే. గిన్నెలో వేసి, ప్రార్థన చేసి తీస్తారు. వచ్చిందే దేవుడి మాట.

"నీ రాత బాగుంటాది, సీటీలు నువ్వే రాయే," అంది అత్త.

దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. లేబర్, కంపెనీ, టాక్స్ అని మూడు రాయాలి. మూడింటి మీదా 'కంపెనీ లా' అనే రాశాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. నేను దైవానికి ఆ అవకాశమే ఇవ్వలేదు!

అత్త ప్రార్థన మొదలెడితే పొయ్యి మీద అన్నం చల్లారిపోతుంది. అందరం కళ్లు మూసుకున్నాం. ఆమెన్ అయ్యాక ఒకటి తీసింది.

"కంపెనీ లా!"

"స్తోత్రం!" అన్నాన్నేను, అందరికన్నా గట్టిగా.

"మరి రెండోది?" అంది అత్త.

తీయాల్సింది రెండు చీటీలని, అయ్యా, ఈ మహామేధావికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఇదీ కంపెనీ లాయే!"

"దేవుడు గట్టిగా సెప్తన్నాడు వదినా," అంది అమ్మ భక్తిగా.

అత్త నావైపు ఓ చూపు చూసి గిన్నె బోర్లించింది. "మూడు రాయమంటే నాలుగున్నాయేటి?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మూడోది నా ముత్యాల అక్షరాలే. నాలుగోది మాత్రం నాది కాదు. పెట్టెల మీద సుద్దతో రాసినట్టు పెద్ద పెద్ద వంకర అక్షరాలు: కంపెనీ లా.

అందరం నాన్నవైపు చూశాం.

"నీకేటి కావాలో నాకు తెల్దేటే?" అన్నాడు తల దించుకుని. "ఒక సీటీ ఎక్కువుంటే నీకు కలిసొత్తాదని, పార్దనప్పుడు ఏసేసినాను."

"ముందే సెప్పొచ్చు గదా నాన్నా!"

"నువ్వు సెప్పినావేటి?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి నాకు. అత్త మా ఇద్దరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి మళ్లీ ప్రార్థన చేసింది. ఈసారి కళ్లు తెరిచే.

మర్నాడు ఫారంలో కంపెనీ లా రాశాను. రెండోది లేబర్ లా, ఎవరూ చెప్పకుండానే. ఆ రోజే ఘోరమైన ప్రతిజ్ఞ కూడా చేశాను: బతికుండగా ఇంకెప్పుడూ నాన్నకు తెలియకుండా దొంగచీటీ రాయను. ఇద్దరం కూర్చుని కలిసే రాస్తాం.