గుమ్మం ముందు నిమ్మరసం

పైతా రేవులో హోటళ్ల వాళ్లకి దోన్యా ఎర్మెలిందా అంటే హడల్. హోటళ్ల ముందు కాలిబాటలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడడం మునిసిపాలిటీలో ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని. గోడ దగ్గర్నుంచి కాలువ దాకా ఎవరి ముందున్న జాగా వాళ్లే కడుక్కోవాలి. ఆమె వచ్చి, కుడికాలి చెప్పు విప్పి, తెల్లమేజోడుతో ఆ జాగాలో నిలబడేది. పాదం ఎత్తినప్పుడు జిడ్డుకు అతుక్కుని చప్పుడైతే హెచ్చరిక కాగితం రాసేసేది. కాళ్లు కడుక్కుంటేగాని భర్త ఆమెను వంటింట్లోకి రానిచ్చేవాడు కాదట.

నేను పాత్రలు కడిగే హోటల్ కాసిల్దాది. ఆమె పెద్దకూతురికి జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది ఎర్మెలిందాయే. అప్పట్నుంచి ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవారు. అయినా కాసిల్దాకు అప్పటికే రెండు కాగితాలు అందాయి. మూడోది వస్తే హోటల్ వారం రోజులు మూత. ఆ వారమే జాలర్ల సాన్ పేద్రో పండగ. ఏడాది మొత్తంలో మా బల్లలన్నీ నిండేది అప్పుడే.

ఆ ఉదయం కాలువ మూత కిందనుంచి చేపపేగులు, నూనె జిడ్డు కలిసి కాలిబాట మీదికి పొంగాయి. బూడిదరంగు మీగడలా పేరుకున్న దాని మీద తెల్లపురుగులు మెసులుతున్నాయి. ఒక గూడకొంగ వచ్చి ముక్కుతో కెలికి, తినకుండానే పోయింది.

"తోడే టైం లేదే. నిన్న మిగిలిన నిమ్మరసం పోసెయ్, కంపు చస్తుంది" అంది కాసిల్దా.

పైపైన చీపురుతో నెట్టి, పోశాను. కంపు చావలేదు. పులుపు కలిసి ఇంకా వెగటుగా లేచింది.

ఎర్మెలిందా వచ్చింది. చెప్పు విప్పనేలేదు. నాలుగడుగుల దూరంలోనే ముక్కు చిట్లించింది.

"ఏంటి వదినా, పడవలింకా రేవుకే రాలేదు, అప్పుడే నిమ్మకాయలు పిండేశారా?"

"పండగ కదా వదినా, ముందే సిద్ధం చేసుకుంటున్నాం."

"పైతాలో పుట్టి, ముందే పిండిన రసంతో పచ్చిచేప సెవిచే కలుపుతావా? చేప కోశాక పిండాలని చంటిపిల్లకి కూడా తెలుసు. మీ అమ్మ వింటే చీపురు తిరగేస్తుంది! అమ్మాయ్, ఆ కాలువ మూత తియ్."

కాసిల్దా నా చెయ్యి పట్టుకుంది. "తుప్పు పట్టింది, అది రాదు. ముందు కాస్త కాఫీ తాగు వదినా."

"ఈ కంపులోనా? నా కడుపేమైనా చెత్తబుట్టా?"

ఆ మురుగు రోజూ నా కాలివేళ్ల మధ్యే ఉండేది. చెయ్యి విడిపించుకుని మూత ఎత్తాను. ఎర్మెలిందా వంగి చూసి, పక్కకు తిరిగి ఉమ్మేసింది. మోకాలి మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"నా కూతురు నీ చేతుల్లోనే కదే క్రైస్తవురాలైంది!" అని అరిచింది కాసిల్దా.

"ఆ పిల్ల కూడా ఇక్కడే తింటోంది కదే" అంటూ ఎర్మెలిందా తలుపుకు కాగితం అంటించింది.

పండగ ఊరేగింపు మా వీధిలోకి రాగానే అందులో నడుస్తున్న ఎర్మెలిందా పక్కసందులోకి తిరిగిపోయిందట. మేం చూడలేదు. బకెట్లతో కాలువ తోడుతున్నాం. మూడో బకెట్‌కే కాసిల్దా గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని నా కాళ్ల వైపు చూసింది.

"దీంట్లోనా నువ్వు రోజూ నిలబడేది?"

తలూపాను.