వెర్నా పోసుకున్న బరువు గుండ్లు

వెర్నా హాగ్లండ్ ఎడమ భుజం కలప కోత మిల్లులో దెబ్బతింది. చెయ్యి ఉందిగానీ రొమ్ము దాటి పైకి లేవదు. రైఫిలు ఎత్తలేదు కాబట్టి ఇరవై ఏళ్లుగా మాగ్నమ్ అనే పెద్ద రివాల్వర్‌తోనే ఎల్క్ వేటకి, అంటే మా కొండల పెద్ద దుప్పి వేటకి, వెళ్తోంది. నేలమీద కూర్చుని, మోకాళ్ల మీద మణికట్లు ఆనించి కాలుస్తుంది. మా ఐడహో కొండల్లో అంత గురి నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

నేను ఊళ్లో తూటాలమ్మే కొట్లో పనిచేస్తాను. మొన్నటేడు అక్టోబరులో ఆమెకి తేలిక గుండ్లున్న తూటాలు అంటగట్టింది నేనే. వేగంగా పోతాయి, లోపలికెళ్లి పువ్వులా విచ్చుకుంటాయి అని చెప్పాను. చిన్న జింకల విషయంలో అది నిజమే. ఎల్క్ గుర్రమంత ఉంటుంది. గుండు దాని భుజం ఎముకకి తగిలి అక్కడే ముక్కలైపోయింది. ఎల్క్ పడి, లేచి, అడవిలోకి పోయింది. రెండు రోజులు నెత్తుటి చుక్కలు పట్టుకుని తిరిగింది వెర్నా. మూడో రోజు మంచు కురిసి జాడంతా కప్పేసింది.

కొట్టుకొచ్చి మిగిలిన తూటాల పెట్టె నా ముందు పెట్టింది. తిడుతుందనుకున్నాను.

"నువ్వు అమ్మేవాడివి, చెప్తావు. నాకు తెలియొద్దూ?" అంది. అంతే.

ఆ చలికాలమంతా ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. కాఫీ పోసుకుని తాగడం మరిచిపోయేది. చర్చిలో పాట మధ్యలో లేచి వెళ్లిపోయేది. పెరట్లో షెడ్డులో సీసం కరిగించి, గట్టిపడ్డానికి తగరం కలిపి, మూడొందల గ్రెయిన్ల, అంటే దాదాపు ఇరవై గ్రాముల, బరువున్న మొండి మొన గుండ్లు పోసుకుంది. కసాయి దగ్గర ఆవు భుజం ఎముకలు తెచ్చి, వెనక తడిపిన పాత పేపర్ల దొంతర పెట్టి కాల్చి చూసింది. తేలిక గుండు ఎముక దాటగానే తునకలైంది. బరువుది ఎముక విరగ్గొట్టి, దొంతరంతా చీల్చుకుపోయింది.

అయినా శాంతి లేదు. రివాల్వర్ వెనక్కి తన్నే జోరుకి చక్రంలో మిగిలిన తూటాల గుండ్లు ముందుకు జారి, చక్రం తిరగకుండా బిగుసుకుపోయేది. గురి పెట్టినచోటికి నాలుగు వేళ్లు పైన తగిలేవి. తూటాలో తుపాకి మందు తగ్గించి, గుండు కదలకుండా తూటా మూతి ఇంకా గట్టిగా నొక్కి, గురి దించి మళ్లీ కాల్చేది. మణికట్టు వాచిపోయింది.

తమ్ముడు డెల్మర్‌కి చూసి చూసి విసుగొచ్చింది. "అక్కా, బాగున్న ఒక్క చెయ్యీ పోగొట్టుకుంటావా? నీ ఫ్రీజరు నేను నింపుతాను కదే."

"నువ్వు నింపుతావురా. నేను సగం చంపి వదిలేసినదాని సంగతేంటి?"



పోయిన అక్టోబరులో నన్నూ వెంట రమ్మంది. నలభై అంగలు దాటితే కాల్చనని ముందే చెప్పింది. ఐదో రోజు పొద్దున్నే ఎనభై అంగల దూరంలో పెద్ద కొమ్ముల ఎల్క్ పోతు అడ్డంగా నిలబడింది. కాల్చమని గుసగుసలాడాను. తల అడ్డంగా ఊపింది. పోతు గడ్డి కొరుకుతూ నింపాదిగా వెళ్లిపోయింది. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను.

ఏడో రోజు ముప్పై అంగల్లో ఆడ ఎల్క్ వచ్చింది. ఒక్కటే దెబ్బ. అది పొదల్లోకి దూకింది, కొమ్మలు విరిగిన చప్పుడైంది, తర్వాత ఏమీ లేదు.

దెబ్బ తిన్న జంతువుని వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుందని, అరగంట వదిలెయ్యాలని మా అందరికీ నేర్పింది వెర్నాయే. పది నిమిషాలకే లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. గడియారం చూసుకుంది. గ్లవ్స్ విప్పి మళ్లీ తొడుక్కుంది. అరగంటయ్యాక ఆమె నడక నేను అందుకోలేకపోయాను.

యాభై అంగల్లోనే పడి ఉంది. గుండు ఇటునించి అటు దూసుకుపోయింది. వెర్నా దాని మెడమీద చెయ్యేసి, కళ్లు తుడుచుకుని, కత్తి అందుకుంది.

ఆ మాంసం చలికాలమంతా ఆమెకీ డెల్మర్ ఇంటికీ సరిపోయింది. ఈ ఏడాది నలభై అంగల్ని ముప్పైకి తగ్గించింది. ఎందుకని అడిగితే, చేతికి వయసొస్తోంది అంది.