రెండు వారాలన్నాను

బహ్రెయిన్‌లో నేను ఇరవై ఏడేళ్లు పనిచేశాను. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ని, అంతే. అయినా సౌదీకి సముద్రం మీద వంతెన కట్టినప్పుడు స్తంభాలకు చెక్కలు బిగించిన చేతుల్లో ఇవీ ఉన్నాయి. వడ్రంగిగా వెళ్లి ఫోర్‌మన్‌నయ్యాను. హిందీ ధారాళంగా మాట్లాడతాను, అరబ్బీలో పని నడుపుకోగలను. అమ్వాజ్ దీవుల్లో మేడలు లేస్తున్నప్పుడు నా కింద నూట నలభై మంది ఉండేవారు. వాళ్లలో ఒక్కడు కూడా మెడికల్ పరీక్షలో అన్‌ఫిట్ అయి ఇంటిదారి పట్టలేదు. ఈ మాట నేను నలుగురిలో చెప్పుకునేవాణ్ని. పేరయ్య సంగతి రాయాలంటే ముందు ఇది రాయాలి.

పేరయ్యది రాజోలు దగ్గర పల్లెటూరు. పెళ్లిపందిళ్లలో వంటలు చేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడు ఒక పెళ్లిలో అతని చేతివంట తిని, మా క్యాంపు మెస్సుకి ఇతనే ఉండాలని పట్టుబట్టి రప్పించింది నేనే. ముప్పై ఇద్దరికి ఒక్కడే వండేవాడు. అక్కడ దొరికే షేరి చేప తెచ్చి పులుసు పెట్టాడంటే పక్క గదుల మలయాళీలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఒకసారి పులుసులో ఉప్పు తగ్గిందని మావాళ్లు వెక్కిరిస్తే, "ఆయ్, మీ చెమట కలుపుకోండి, సరిపోద్ది" అన్నాడు. అలాంటి మనిషి.

మెస్సులో వంటవాడు ఆఖరున తింటాడు. అందరం తిని డ్యూటీ బస్సు ఎక్కాక అతను తన కంచం పెట్టుకునేవాడు. అందుకే అతను తింటున్నాడో లేదో మాలో ఎవరికీ తెలియలేదు.

రెండువేల నాలుగు దసరా రోజుల్లో ఒక పొద్దున బస్సు ఎక్కాక హెల్మెట్ మరిచానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను. పేరయ్య బియ్యం బస్తాలకు జారబడి కూర్చున్నాడు. పొట్ట చుట్టూ తువ్వాలు బిగించి కట్టుకుని, దాని మీద వేడినీళ్ల గ్లాసు అదిమిపెట్టుకున్నాడు. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎన్నాళ్ల నుంచని అడిగాను.

"ఉగాది ముందు నుంచండి" అన్నాడు. "తిన్నా నొప్పే, తినకపోయినా నొప్పేనండి. మీతో చెబితే ఇంటికి పంపేత్తారని ఊరుకున్నాను."

అంటే ఎనిమిది నెలలు. వాము నమిలాడట, సోడా తాగాడట, ఊరి నుంచి ఎవరో తెచ్చిన పొడి మింగాడట. ఇవన్నీ చేస్తూనే రోజుకు మూడు పూటలు మాకు వండిపెట్టాడు.

నేను భరోసా ఇచ్చాను. ఇలాంటివి ఎన్ని చూశాను, నువ్వు నోరు విప్పకు, డాక్టరుతో నేను మాట్లాడతానని చెప్పాను. డిసెంబరులో అతని వీసా తిరగరాయించాలి, దానికి ముందు కంపెనీ మెడికల్ ఉంది. పాత జబ్బని కాగితం మీద పడితే అది ఆఫీసుకు పోయి వీసా ఆగిపోతుందని నా లెక్క.

క్లినిక్‌లో డాక్టరు ఎన్నాళ్ల నుంచి నొప్పి అని హిందీలో అడిగాడు. రెండు వారాలన్నాను. పేరయ్యకు హిందీ రాదు. కానీ చెబుతూ నేను రెండు వేళ్లు చూపించాను. అతను ఆ వేళ్లకేసి చూసి తల దించుకున్నాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసి గ్యాస్ అని మాత్రలు రాసి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు. తగ్గలేదు. నేను మళ్లీ తీసుకెళ్లలేదు.

డిసెంబరులో మెడికల్ పాసయ్యాడు. కాగితం ప్రకారం పేరయ్య ఫిట్. చూశారా అని అందరితో అన్నాను. ఆ రోజు అతను కొబ్బరి బూరెలు చేసి ముప్పై ఇద్దరికీ పంచాడు. తను ఒక్కటీ ముట్టలేదు.

సంక్రాంతి దాటిన వారానికి పొయ్యి దగ్గరే కూలబడి నల్లగా కక్కాడు. మనామాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గొంతులోంచి గొట్టం దించి, కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. నా నంబరే ఇచ్చాం.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. వద్దన్నా వినకుండా స్టూలు వేసుకుని కూర్చుని వండాడు. సాయంత్రం బస్సు దిగగానే గుమ్మంలో నిలబడి నా చొక్కా జేబుకేసి చూసేవాడు. నోటితో అడిగేవాడు కాదు. తినేటప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టేవాణ్ని. అది మోగితే గరిటె ఆగిపోయేది. సైటు వాళ్లదని తెలిశాక మళ్లీ కదిలేది.

ఒకనాడు నా పక్కన కూర్చుని, "గ్యాసే అయ్యుంటాది కదండీ?" అన్నాడు. అవునన్నాను. తరవాత పదకొండు నెలలంటే హిందీలో ఏమంటారని అడిగాడు. చెప్పాను. పెదాలు కదుపుతూ రెండు మూడుసార్లు అనుకున్నాడు. నేను పట్టించుకోలేదు.

తొమ్మిదో రోజున ఫోన్ వచ్చింది, రమ్మన్నారు. డాక్టరు ముందు ఫైలు తెరిచి ఉంది. ఈ నొప్పి మొదలై ఎన్నాళ్లయిందని మళ్లీ అడిగాడు. నేను నోరు తెరిచేలోగా పేరయ్య అందుకున్నాడు.

"గ్యారా మహీనా, సాబ్."

పది వేళ్లూ చూపించి, తరవాత ఒక్క వేలు ఎత్తాడు. డాక్టరు ఫైల్లో ఉన్న పాత క్లినిక్ కాగితం చూశాడు, తరవాత నన్ను చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నెమ్మదిగా నాకు చెప్పాడు: చెడ్డ గడ్డ, కాలేయానికి కూడా పాకింది, ఇంటివాళ్ల దగ్గరికి పంపండి.

ఎందరికో ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో మాట అందించినవాణ్ని. ఆ ఒక్క మాటకు నాకు తెలుగు దొరకలేదు. పేరయ్య నా చేయి పట్టుకున్నాడు.

"చెప్పండి మేస్త్రీగారూ. ఈసారి తగ్గించి చెప్పకండి."

చెప్పాను. విని, మాపటికి పప్పు నానబెట్టి వచ్చానని, అది పాడవుతుందని అన్నాడు. క్యాంపుకి వచ్చి ఆ పప్పు తనే వండాడు.

ఫిబ్రవరిలో విమానం ఎక్కించాను. వైశాఖంలో పోయాడు.

ఆ ఏడు సెలవుకు వచ్చినప్పుడు రాజోలు వైపు వెళ్లాను. అతని భార్య నాగేశ్వరి అరుగు మీద చాప వేసి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. క్యాంపులో అందరూ అతన్ని ఎంత తలుచుకుంటున్నారో చెప్పాను. ఆవిడ గుమ్మానికి ఆనుకుని విన్నది. అంతా విని ఒక్కటే అడిగింది.

"అక్కడ నొప్పి ఎప్పటి నుంచండి బాబుగారూ? మాకు మాత్రం ఆయన రెండు వారాలేనని చెప్పేరండి. ఆఖరు దాకా అదే మాటండి."

నేను నేర్పిన మాట ఇంటిదాకా మోసుకొచ్చాడు. నా పేరు బయట పడనివ్వకుండా దాన్ని తనతోనే పట్టుకుపోయాడు. అవునమ్మా అంటే సరిపోయేది, కాదనేవాళ్లు కూడా లేరు.

"పదకొండు నెలలమ్మా" అన్నాను. "రెండు వారాలని చెప్పించింది నేను."

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. వెళ్లమని చెప్పేవారు లేక నేను ఆ చాప మీదే కూర్చున్నాను.