థెల్మా లేనప్పుడు లేవని పంపులు

థెల్మా బీల్‌కి అరవై మూడేళ్లు. మా రేవులో లాబ్‌స్టర్ల తొట్ల షెడ్డు ఆమెదే. మేం జాలర్లం వారమంతా పట్టినవి లారీ వచ్చేదాకా ఆ తొట్లలో బతకాలి. సముద్రపు నీళ్లు తిరగడం ఆగితే ఎండాకాలంలో కుప్పలుగా చస్తాయి. కరెంటు పోయొచ్చినప్పుడల్లా నీళ్లు తిప్పే పంపుల్ని ఆమే చేత్తో లేపాలి. అందుకే పదకొండేళ్లుగా ఆమె షెడ్డు వదిలి ఒక్క పూటైనా ఎక్కడికీ పోలేదు.

పోయిన చలికాలం పేకముక్కంత కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించి, పంపులను దానికి అప్పగించింది. ప్రోగ్రాం తనే రాసుకుంది. ఇరవై సార్లు ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, కీబోర్డు ముందు కూర్చుని తన పేరూ పాస్‌వర్డూ కొట్టి చూసుకుంది. ప్రతిసారీ పంపులు లేచాయి. ఇంకేం, ఆగస్టులో ధైర్యం చేసి పన్ను పీకించుకోవడానికి టౌనుకి వెళ్లింది.

ఆ గంటలోనే ఉరుములతో వానొచ్చి కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది, బోర్డు మీద పచ్చలైటు వెలిగింది, పంపులు మాత్రం కదల్లేదు. ఆమెకి ఫోన్ చేసి, మేం బకెట్లతో నీళ్లు తోడి పోస్తూ కూర్చున్నాం. నాకైతే ఏడుపొచ్చింది.

మత్తిచ్చిన బుగ్గతోనే పరిగెత్తుకొచ్చింది. పేరు కొట్టింది. పంపులు గర్జించాయి. మేం కేకలు పెట్టాం, ఆమె మొహం మాత్రం పాలిపోయింది.

"ఏమైందే, తిరుగుతున్నాయిగా!" అన్నాను.

"అదే నా ఏడుపు లైమన్! పంపుల్ని లేపే లైను, మనిషొచ్చి పేరు కొడితేగానీ బోర్డు చదవని ఫైల్లో రాసి చచ్చాను. ఇరవై సార్లూ నేనే లేపాను దాన్ని. నేను లేకపోతే అది లేవదు."

ఆ లైను అక్కణ్నించి తీసి, ఎవరూ రాకపోయినా బోర్డు మేలుకోగానే చేసే పనుల్లో రాసింది. కీబోర్డు ఊడదీసి నా చేతిలో పెట్టింది. అఖాతం మీద మళ్లీ ఉరిమింది. ఆమె చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది.

"పిచ్చెక్కిందా? ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాయి. నా వారం కష్టం అందులో ఉంది!"

"కరెంటు ఎలాగూ పోతుంది ముసలోడా. అప్పుడు తెలిసేకంటే ఇప్పుడే తెలియనీ."

పీకింది. పెట్టింది. నా జబ్బ పట్టుకుని బయటికి లాగి తలుపు మూసింది. "లోపలుంటే నా చెయ్యి ఊరుకోదు," అంది. వానలో నిలబడ్డాం. నేను నలభై దాకా లెక్కపెట్టాను. రేవు కింద గొట్టం నీళ్లు లాగుతూ గుటగుటలాడింది.

"సరే, పోతున్నా. మత్తు దిగేలోపు పన్ను పీకించుకోవాలి," అని కారెక్కింది.

కారు మలుపు తిరిగిందో లేదో, ఊరంతా ఆరిపోయింది. పంపులు ఆగాయి. కీబోర్డు గుండెకి హత్తుకుని, ఫోన్ మీద బొటనవేలు పెట్టి నిలబడ్డాను. జనరేటర్ దగ్గింది. పచ్చలైటు వెలిగింది. కాసేపటికి నీళ్లు తొట్టిలోకి దూకాయి.

ఆమెకి ఫోన్ చెయ్యలేదు.