దరఖాస్తు అంచున ఆకలిని రాసిన ఎస్తేరమ్మ గారు

మొన్న మంగళవారం ఉదయం నాంపల్లి స్టేషన్ ఎదుట బస్సు దిగుతుండగా ఫోన్ మోగింది. "అక్క పోయింది అన్నా, పొద్దుగాల దవాఖానలనే," అన్నది ఎస్తేరమ్మ గారి చెల్లెలు సుజాత. బస్సుల రొద నడుమ నిశ్చేష్టుడనై నిలబడిపోయాను. పదిరోజుల కిందటే "గుండెకేం గాలే, జర అలసిపోయింది" అని నవ్విన మనిషి.

మెదక్ ప్రాంతపు క్రైస్తవ కుటుంబంలో జన్మించిన ఎస్తేరమ్మ గారు నాంపల్లిలోని మా వ్యవసాయ కార్యాలయంలో పంటనష్టాల విభాగానికి సూపరింటెండెంట్‌గా పనిచేశారు. నేను ఆమె కింద గుమస్తాను. ఆమె మితభాషిణి, కరుణార్ద్ర హృదయ. కోపం ఎరుగరని చెబితే మాత్రం అబద్ధమవుతుంది. రైతును నిలబెట్టి మాట్లాడితే నన్ను ఎందరి ముందైనా మందలించేవారు.

ఒక ఏడు అదనులో ముఖం చాటేసిన వాన తీరా కోతల వేళ విరుచుకుపడింది. మల్లయ్య అనే రైతు తడిసి మొలకెత్తిన మక్కజొన్న కంకిని సంచిలో పెట్టుకొని వచ్చాడు. ఆమె ముందుగా ఎకరాల లెక్క అడగలేదు.

"ఇంట్ల తినెటందుకు ఏమున్నది?" అన్నారు.

"ఒక్కపూటనే వండుతున్నం మేడమ్. నా భార్య తిన్న అంటది గని, తినది."

ఆ మాటను ఆమె దరఖాస్తు అంచున యథాతథంగా రాశారు. ఫారంలో అడగని సంగతి ఎందుకని పై అధికారి తిప్పిపంపాడు. "ఎకరాలు రాస్తే పంట పోయిందని తెలుస్తది సార్. గా ఇంట్ల ఆకలి ఎట్ల తెలుస్తది?" అని నెమ్మదిగా చెప్పి, అదే వాక్యాన్ని వేరే కాగితం మీద రాసి జతపరిచారు. ఉద్యోగ విరమణ దాకా ఆ పని మానలేదు.

విరమణానంతరం మల్లయ్య ఊరికి తరచూ వెళ్లేవారు. మక్కకు బదులు, వాన వెనకబడినా తట్టుకునే పాతరకం జొన్న వేయమని ఒప్పించి, తన తమ్ముడి చేనులోని విత్తనం స్వయంగా మోసుకెళ్లి ఇచ్చారు. ఊరంతటిలో జొన్న వేసింది మల్లయ్య ఒక్కడే కావడంతో పిట్టలన్నీ ఆ చేనిమీదే వాలాయి. గింజ మిగలలేదు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక నన్ను వెంటబెట్టుకొని అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ, ఒక్కసారిగా ఆగి నాతో అన్నారు: "తప్పు నాదే. ఆకలి మీదున్నోని చేన్ల నేను ప్రయోగం చేసిన."

మరునాడే వెళ్లి ఆ దంపతులను క్షమాపణ కోరారు. ఆ యేడు వాళ్ల తిండిగింజల భారం తానే వహించారు. మరుసటి ఏడు ఇల్లిల్లూ తిరిగి పదకొండు కుటుంబాల చేత ఒకేసారి జొన్న వేయించారు. ఆ వానాకాలం నెలకు పైగా చినుకు లేదు. మక్క ఎండింది, జొన్న నిలిచింది. పిట్టలు అన్ని చేన్లకూ చెదిరి తిన్నంత తినగా ఇళ్లకు గింజ చేరింది.

ఆమె అంత్యక్రియల నాడు సమాధుల తోటలో మల్లయ్య, అతని భార్య లక్ష్మి ఊరివాళ్లతో దూరంగా నిలబడ్డారు. "మేం గూడ మన్ను వెయ్యొచ్చా, సారూ?" అని అతను నన్నడిగాడు. సుజాత విని, "మీరే ముందుగాల వెయ్యున్రి," అన్నది.

వానను నమ్మలేని ఈ రోజుల్లో, రైతు ఇంటి పొయ్యి దాకా వెళ్లి చూసే అటువంటి ఉద్యోగిని మా కార్యాలయం మళ్లీ చూడబోదు. మల్లయ్య గుప్పెడు మన్ను తీసుకొని, గడ్డలను వేళ్లతో చిదిపి, రాళ్లేరి, మెత్తని మట్టిని మాత్రమే ఆమె మీద చల్లాడు. నేనూ అలాగే చేసి చేతులు జోడించాను.