చిన్నరసం కొమ్మకు కొలతలు తీయించిన రోజు

ముసునూరు దగ్గర మామయ్య తోటలో కాపు తగ్గిన ముసలి చెట్లు కొట్టిస్తున్నారని తెలిసి అమ్మ ఆ పూట అన్నం సరిగా తినలేదు. వాటిలో ఒక చిన్నరసం మామిడి చెట్టుకు నేలబారుగా సాగిన కొమ్మ ఉండేది. చిన్నప్పుడు అమ్మ, సరోజ పిన్ని బడి ఎగ్గొట్టి దాని మీదే కాలక్షేపం చేసేవారట. పిన్ని పోయి ఏడాదైంది. ఆ కొమ్మ కూడా పండ్ల పెట్టెల పాలవడం నాకు నచ్చలేదు. చెట్ల ఒంపులతోనే కుర్చీలు చేసే శిరీషకు దాన్ని అప్పగించాను. కర్ర ఆరింది, నమూనా చూసుకోండని ఆమె ఫోను చేసింది.

అమ్మా నేనూ విజయవాడలో ఉదయం ఏడింటి బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా నూజివీడులో దిగాం. బస్టాండు నుంచి ముసునూరు రోడ్డులోని వర్క్‌షాపుకు ఆటో అరవై రూపాయలు. మామిడి కర్రతో కుర్చీ అనగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"పురుగు పట్టేస్తుంది కదండీ?"

"మందు పెడతారంటలే. నువ్వు రోడ్డు చూడు బాబూ," అంది అమ్మ.

శిరీష కొమ్మను ఫోనుతో చుట్టూ స్కాన్ చేసి, కంప్యూటర్లో కుర్చీగా మలిచింది. ఆ బొమ్మ ప్రకారం మిషను ముందు ప్లైవుడ్డులో నమూనా చెక్కుతుంది. మనిషి కూర్చుని సరే అన్నాకే అసలు కర్ర కోత. ఉన్నది ఒకే కొమ్మ, తప్పు కోస్తే మళ్లీ రాదు.

అమ్మ నమూనా మీద ఎడమ అంచుకు ఒదిగి కూర్చుంది.

"మధ్యలోకి జరగండి ఆంటీ, పడిపోతారు," అంది శిరీష.

"మధ్యలో నేను కూర్చుంటే సరోజ ఎక్కడ కూర్చుంటుంది?"

అన్నాక అమ్మకే తెలిసి తల దించుకుంది. శిరీష పాత స్కాన్ తెరిచింది. కొమ్మ మీద బెరడు అరిగి నున్నబడిన పల్లాలు పక్కపక్కనే రెండున్నాయి.

"రెండోది కర్రలో లోపమనుకుని కోసేద్దామనుకున్నానండీ," అంది.

"లోపమేంటమ్మాయ్, అది మా చెల్లి చోటు."

ఒంటి కుర్చీ బొమ్మ తీసేసి, కొమ్మ పొడవునా బల్ల గీయడానికి శిరీషకు మధ్యాహ్నం దాటింది. అమ్మ పక్కనే కూర్చుని, ఇక్కడ ఇంకాస్త లోతు, పిన్ని బొద్దుగా ఉండేది అంటూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

ఇన్నాళ్లూ అది అమ్మ కొమ్మ అనే అనుకున్నాను. చెల్లెలు లేకుండా అమ్మకు చిన్నతనమే లేదని ఆ రోజు అర్థమైంది. మీరూ ఇలా చేయించుకోవాలనుకుంటే ఒకటే మాట. చెట్టు నిలబడి ఉండగానే, దాని మీద కూర్చున్నవాళ్లందరినీ కూర్చోబెట్టి కొలతలు తీయించండి. మాకు ఒక్కరే దొరికారు.