పులి తరఫు మనిషి

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే రోజుల్లో మా హాస్టల్ వాచ్‌మన్ మమ్మల్ని చూసి జాలిపడేవాడు. నల్లమల అంచు పల్లె నుంచి వచ్చిన మనిషి. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చాక మేము పర్యావరణం పాఠం బట్టీ పడుతుంటే గుమ్మంలో నిలబడి వినేవాడు.

"పులి లేకుంటె జింకలు అడవంత మేస్తయ్. అడవి పోతె వాగు ఎండుతది. గింతదానికి గంత లావు బుక్కా?" అనేవాడు.

"మీ ఇంటి పశువును పట్టుకుంటే అప్పుడు చెప్పన్నా" అని మేం నవ్వేవాళ్లం.

నిజంగానే పట్టుకుంది. ఊళ్లో ఉన్న అతని తమ్ముడి ఎద్దు మేతకు వెళ్తే పులి చంపింది. అది మళ్లీ తినడానికి వస్తుంది కాబట్టి కళేబరానికి పురుగుమందు పూస్తానని తమ్ముడు ఫోన్ చేశాడు. వాచ్‌మన్ హాస్టల్ తాళాలు నా చేతిలో పెట్టి బస్సెక్కాడు.

మూడో రోజు చినిగిన చొక్కాతో తిరిగొచ్చాడు.

"ఏమైందన్నా?"

"మందు డబ్బ గుంజుకున్న. ఎవ్వడు పుయ్యకుండ దూరంగ చెట్టెక్కి కూసున్న. ఆడ గూడ వాచ్‌మన్ పనే!"

"తమ్ముడు ఊరుకున్నాడా?"

"ఏడ ఊకుంటడు? రెండు తన్నిండు. ఎద్దు పోయినోడు తన్నకేం జేస్తడు? నా ఎద్దును వానికే ఇచ్చొచ్చిన." కాసేపు చొక్కా చేయి చూసుకున్నాడు. అతనికున్నది ఆ ఒక్క ఎద్దే.

"మరి పులి?"

"కడుపు నిండ తిన్నది. చెట్టు మీద నేనున్నట్టు ఎరుకే దానికి. మొఖమెత్తి ఒక్కపారి సూడలే, బద్మాష్‌ది!"

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం వెలిగిపోయింది.